దొర బంగ్లా గార

గోడకు పట్టించిన సున్నపు గార మూడోసారి రాలిపడింది.

ఓవర్‌సీర్ నారాయణస్వామి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

పెనుకొండలోని ఆ తెల్లదొర బంగ్లాను కూల్చి గోడౌన్ కడతామన్నారు. కాదని రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, 1979లో రక్షిత కట్టడాల జాబితాలో దాని పేరు రాయించింది ఆయనే. ఒకటే షరతు. శుక్రవారంలోగా హాలు గోడకు పాత గార, పాత నునుపు రావాలి. రాకపోతే శనివారమే గడ్డపారలు దిగుతాయి.

"ఈ పని తెలిసిన మనిషిని బుక్కపట్నం నుంచి పంపుతున్నాను" అని పెద్ద ఇంజనీరు ఉత్తరం రాశాడు.

వచ్చే మేస్త్రి కోసం నారాయణస్వామి వరండాలో కుర్చీ వేయించాడు. ఫ్లాస్కులో టీ తెప్పించాడు.

బుధవారం పొద్దున ఒక ముసలామె వచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. నేరుగా సున్నం తొట్టి దగ్గరికి పోయి, వేలితో తీసి నాలుక కొసకు తాకించి, తుపుక్కున ఉమ్మింది.

"బెల్లం పోసినారు, సరే. కరక్కాయ నీళ్లు యాడప్పా? ఇదీ రాలిపోతాది."

తాపీ పట్టుకున్న మార్కండేయులు పకపకా నవ్వాడు.

"సున్నం తింటాండాది సార్, పిచ్చిది!"

"నన్ను రమ్మంటేనే వచ్చినా."

"ఎవరు రమ్మనింది? సచ్చిన దొరనా?"

అందరూ నవ్వారు. నారాయణస్వామికి మాత్రం ఒళ్లు మండింది.

"దొరలు కట్టిన గోడ సంగతి నీకేం తెలుసవ్వా? మేస్త్రి వచ్చే టైమైంది. నడువు బయటికి!"

"దొర చేతికి ఎప్పుడన్నా సున్నం అంటిందా నాయనా?" ఆమె కోపంగా అడిగింది.

రెక్క పట్టి గేటు దాటించారు. అంత పెద్దదాన్ని! చదువుకున్నవాడికి ఆ మాత్రం సిగ్గుండొద్దూ?

మధ్యాహ్నం బస్సు దాకా ఆమె గేటు బయటే ఎండలో కూర్చుంది. గుక్కెడు నీళ్లిచ్చినవాడు లేడు. వరండాలో కుర్చీ ఖాళీగానే ఉంది.

శుక్రవారం ఇంజనీరు వచ్చి గోడ మీద చెయ్యి వేశాడు. పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. జాబితాలో బంగ్లా పేరు కొట్టేశాడు.

"మీరు పంపిన మేస్త్రి రానేలేదు సార్!" నారాయణస్వామికి ఏడుపొచ్చింది. "రెండు దినాలు కాచుకోనుంటి. ఆయన వచ్చింటే బంగ్లా నిలబడేది."

ఇంజనీరు తెల్లబోయాడు.

"ఆయనెవరయ్యా? నేను పంపింది ఖాదర్‌బీని. పన్నెండేళ్ల పిల్లగా తల్లి పక్కన నిలబడి ఈ గోడను గులకరాయితో రుద్ది మెరిపించిన మనిషి, ఈ గార గుట్టు తెలిసి ఇంకా బతికున్నది ఆమె ఒక్కతే."