నల్లగుడ్డ కింద

వగిరాన్ వరండాలో చాప మీద కూర్చుని కీచురాళ్ల వెనక కాళ్లు తుంచుతున్నాడు. కాళ్లుంటే పిట్ట గొంతులో గుచ్చుకుంటాయి. ఒక్కొక్కదాన్నీ తుంచి చిప్పలో వేస్తూ, వెనక వీధి పర్జోనో ఇంట్లోంచి పంజరం ఎలా ఎత్తుకు రావాలో మనసులో ఆఖరిసారి నెమరేసుకుంటున్నాడు.

ఎల్లుండి ఆదివారం క్లాతెన్ పట్నంలో పిట్టల పాటల పందెం. వగిరాన్ పెంచే నల్లంచి పిట్ట పేరు తొలే, అంటే బుజ్జోడు. మెరాపి కొండ అడవిలో పుల్లకు పనసజిగురు పూసి తనే పట్టి తెచ్చుకున్నాడు. మూడేళ్లుగా దానికి రెండో బహుమతే. మొదటిది ఎప్పుడూ పర్జోనో పెంచే నల్లంచి పెతిర్‌దే. పెతిర్ అంటే పిడుగు. ఈసారి ఆ పిడుగు మైదానంలో లేకపోతే చాలు.

పందెం ముందు పిట్టను నాలుగు రోజులు నల్లగుడ్డ కప్పి ఉంచడం ఆ ఊళ్లో అందరూ పాటించే పద్ధతి. యజమాని అటు పోడు. అతని ముఖం చూస్తే పిట్ట పౌరుషం కరిగిపోతుందని నమ్మకం. ఇంటి ఆడమనిషి మాత్రం గుడ్డ అంచు కింద చెయ్యి పెట్టి మేత వేస్తుంది. బుధవారం పొద్దున్నుంచీ పెతిర్ పంజరం పర్జోనో పెరటి వసారాలో అలాగే వేలాడుతోంది.

మధ్యాహ్నం మగవాళ్లంతా శుక్రవారం నమాజుకు వెళ్లారు. వగిరాన్ కడుపునొప్పని చెప్పి ఉండిపోయాడు. మసీదు మైకు మోగగానే పర్జోనో పెరటి గోడ దూకాడు. వంటింట్లో పర్జోనో భార్య లస్మిని మిరపకాయలు నూరుతోంది. పంజరం కొక్కెం నుంచి తప్పిస్తుంటే ఆ చప్పుడు ఆగింది. వగిరాన్ చెయ్యి కొక్కెం మీదే ఆగిపోయింది. అంతలో నూరుడు మళ్లీ మొదలైంది.

ఇంటికొచ్చి, పిట్ట సద్దుమణిగేదాకా ఆగి, నమాజు ముగిసే వేళకు గుడ్డ ఎత్తాడు. పంజరంలో పిట్ట లేదు.

గడియ వేసినట్టే ఉంది. అడుగున పళ్లెంలో వెనక కాళ్లు లేని కీచురాళ్లు, కొన్ని చచ్చి, కొన్ని దేకుతూ ఉన్నాయి. వగిరాన్ పంజరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గుడ్డ దులిపాడు. నోరు తెరుచుకుని ఉండగానే వీధి తలుపు కూడా తెరుచుకుంది. మసీదు నుంచి నేరుగా, తలల మీద నల్లటోపీలతోనే, పర్జోనో, వాడ పెద్ద దర్సోనో, వాళ్ల వెనక పదిమంది వచ్చి నిలబడ్డారు.

"కడుపునొప్పి తగ్గిందా, వగిరాన్?" అన్నాడు దర్సోనో.

పంజరం తెచ్చానని వగిరాన్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదీ లేదు, అది చేతిలోనే ఉంది. కానీ అందులో పిట్ట లేదని కొడుకు మీద ఒట్టేశాడు. పర్జోనో మండిపడ్డాడు. ఈ తెల్లవారుజామున కూడా వీధి అరుగు మీద కాఫీ తాగుతూ, పెరట్లో పెతిర్ కూత చెవులారా విన్నానన్నాడు. వేయించుకు తిన్నావా అని వెనక నుంచి ఎవరో అడిగారు. అందరూ నవ్వారు.

పోలీసుల దాకా పోవద్దని దర్సోనో అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. పిట్టకు పిట్ట. చీకటి పడేలోగా తొలేని పర్జోనోకి అప్పగించాలి.

పొద్దు వాలుతుండగా రెండు చేతుల్లో రెండు పంజరాలతో పర్జోనో ఇంటికి వెళ్లాడు. పర్జోనో లేడు. పందెంలో పిట్ట పేరు మార్పించడానికి క్లాతెన్ వెళ్లాడు. లస్మిని పెరటి వసారాలో కీచురాళ్ల కాళ్లు తుంచుతోంది.

వగిరాన్ తొలే పంజరాన్ని ఆ కొక్కానికే తగిలించాడు. ఖాళీది కింద పెడుతుంటే పళ్లెం ఒరిగి కీచురాళ్లు నేల మీద పడ్డాయి. ఏరుతూ లెక్కపెట్టాడు. పదిహేను.

"రోజుకు ఎన్ని వేసేదానివి?"

"ఐదు."

బుధ, గురు, శుక్ర. ఒక్కటీ ఎవరూ తినలేదు.

అప్పుడు పెరటి వెనక వెదురుపొద లోంచి కూత లేచింది. చివర్న ఆ విరుపు పెతిర్‌కి తప్ప ఇంకే పిట్టకూ రాదు. వగిరాన్ గిరుక్కున తిరిగాడు. లస్మిని తల ఎత్తలేదు.

"బుధవారమే వదిలేశాను. ఎంత దూరం పొమ్మన్నా పోదు, కాంగ్," అంది, అన్నయ్య వరసతో. "తెల్లారేసరికి అక్కడే కూస్తుంది. పంజరంలోంచే అనుకుని ఆయన మురిసిపోతాడు. మూడేళ్లు ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టింది నేను. చీకట్లో బెదిరి వచ్చి వేలికి కొట్టుకునేది. దాని గుండె దడదడా తెలిసేది."

"ఆదివారం గుడ్డ తీస్తే మీ ఆయనకేం చెప్పేదానివి?"

"అదే తోచక మూడు రోజులుగా అన్నం సయించలేదు. ఇంతలో నువ్వు గోడ దూకావు. నూరడం ఆపి చూసి, నువ్వు బెదరకుండా మళ్లీ నూరుతూనే, పంజరం తీసుకుని గోడ దిగేదాకా కిటికీలోంచి చూశాను. మసీదు దగ్గరికి వెళ్లి, ఆయన బయటికి రాగానే నీ పేరు చెప్పాను."

ఒక్క కేక వేస్తే చాలు. వాడంతా వస్తుంది, వెదురుపొద చూస్తుంది, తొలే తనకు దక్కుతుంది.

పొదలోని పిట్ట మళ్లీ కూసింది. ఈసారి పంజరం లోంచి తొలే బదులిచ్చింది. పందెంలో పాడే పాట కాదది. జిగురుపుల్ల పట్టుకుని చెట్టు కింద నక్కి కూర్చున్న ఆ ఉదయం విన్న పాట. పట్టేవాళ్లు ఎక్కువై, ఇప్పుడా అడవిలో ఎంత సేపు కూర్చున్నా నల్లంచి కూత వినబడదు.

వీధిలో పర్జోనో మోటారు సైకిలు చప్పుడైంది.

"దీనికీ ఐదేనా, కాంగ్?" అని లస్మిని నల్లగుడ్డ అందించింది.

వగిరాన్ గుడ్డ తనే కప్పాడు. వెదురు వైపు అంచు మాత్రం కాస్త మడిచి, వేలితో పంజరం గడియ తీసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.