డెబోరా మార్చిన కథలు

"ఈ కథలో ఎవరూ చచ్చిపోరు కదే?" పుస్తకం తెరవకముందే అడిగింది శిరోమణి.

"పోరు మమ్మీ," అంది ఎనిమిదేళ్ల డెబోరా.

స్కూలువాళ్లు పంపే పుస్తకం చదివి తెలుగులో చెప్పడం డెబోరా పని. విని, నోట్‌బుక్‌లో తల్లిగా తన అభిప్రాయం ఇంగ్లీషులో రాయడం శిరోమణి పని. ఇండియాకు మాట్లాడే ఫోన్ కార్డు అయిపోయాక, భర్త డ్యూటీ నుంచి వచ్చేదాకా, న్యూజిలాండ్‌లో పాపకూర అనే ఊళ్లోని ఆ ఫ్లాట్‌లో ఆమెతో తెలుగు మాట్లాడే మనిషి ఆ పిల్లే.

శిరోమణి నోట్‌బుక్ తెరిచింది. నిన్న తను కూడబలుక్కుని రాసిన "తల్లి పెంగ్విన్ తిరిగొచ్చింది, చాలా సంతోషం" పక్కన టీచరు ప్రశ్నార్థకం పెట్టింది.

శిరోమణి ఆ గుర్తు మీద వేలు పెట్టింది. "అయ్యో, తప్పు రాశానా? పిలిచి ఏమంటారో ఏమో! తల్లి రాలేదా?"

"రాలేదు."

"మరి మొన్నటి కుక్కపిల్ల?"

"అది కూడా చచ్చిపోయింది."

"నాకెందుకే అబద్ధాలు చెప్పావు?"

"నువ్వు ఏడుస్తావు మమ్మీ. నువ్వు ఏడిస్తే ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది."

వీధిలో రెండు బస్సులు వెళ్లిపోయాయి. డెబోరా పుస్తకం మూయబోయింది.

అప్పుడు శిరోమణి దగ్గరికి జరిగి, పేజీ మీద చెయ్యి ఆనించింది.

"ఉన్నదున్నట్టు చదువమ్మా. ఏడుపొస్తే ఇద్దరం కలిసే ఏడుద్దాం."