అన్నిటికీ ఒకటే సైకిల్

తన సైకిల్‌ని తానే దొంగతనం చేయించుకోవడానికి ఓవిదియో కార్మెల్ మాత పండుగ రోజును ఎంచుకున్నాడు.

ఆ రోజు సాంతా ప్రిస్కా ఊళ్ళో చక్రాలున్న ప్రతిదీ చర్చి ముందుకొస్తుంది. లారీలు, జీపులు, సైకిళ్ళు, చివరికి కాఫీ బస్తాల తోపుడుబళ్ళు కూడా. ఫాదర్ వరసగా అన్నిటి మీదా తీర్థజలం చల్లుతాడు. ఆ రోజు బండికి తాళం వేస్తే మాతను అనుమానించినట్టే. దొంగలు కూడా సెలవు తీసుకుంటారని ఊరి నమ్మకం.

ఓవిదియోది సైకిళ్ళు తయారుచేసే పని. ఎక్కుడుకీ దిగుడుకీ, రాళ్ళకీ బురదకీ అన్నిటికీ పనికొచ్చే కొండ సైకిల్ ఒకటి కట్టాడు. చూపించడానికి ఉన్నది అదొక్కటే. ఆర్డర్లొస్తే మిగతావి కడతాడు. ఒక్కటీ రాలేదు. పండుగ దాటినా ఇలాగే ఉంటే దుకాణం మూసేసి, బావమరిది ఫారంలో కోళ్ళ పెంట ఎత్తడానికి వస్తానని ఒప్పుకున్నాడు. బావమరిది అప్పుడే పార కొనిపెట్టాడు.

ఊళ్ళో సైకిల్ మొనగాళ్ళు ముగ్గురు. వాళ్ళు కొంటేనే ఊరు కొంటుంది. మందుల షాపు గిల్దార్దోది ఎక్కుడు కోసం చేసిన ఈకలాంటి సైకిల్. మాంసం కొట్టు దువాన్‌ది దిగుడు కోసం చేసిన దున్నపోతు. నోటరీ రికౌర్తేది చదును బాటల్లో పరిగెత్తే రకం.

"పెళ్ళికీ చావుకీ ఒకటే చొక్కా అంటాడేంటయ్యా వీడు!" అనేవాడు గిల్దార్దో.

"అన్నీ చేస్తానన్నవాడు ఏదీ సరిగ్గా చెయ్యడు. మా అల్లుడు లేడూ?" అనేవాడు దువాన్.

ఇక లాభం లేదని ఓవిదియో మేనల్లుడు విల్మార్‌ని పిలిచాడు. ఆ కొండల్లో వాడిలా తొక్కేవాడు లేడు.

"మొహమంతా మూసే హెల్మెట్ పెట్టుకురా. ఫాదర్ పాట ఎత్తుకోగానే బండెక్కు. చర్చి మెట్లు దిగు. కాఫీ తోటల్లోంచి కొండెక్కు. అవతల బురద బాటలో ఏట్లోకి దిగు. ఆ ముగ్గురూ వెంటపడతారు. పట్టుకోలేక చచ్చి, నా గుమ్మం తొక్కుతారు. పొద్దుగూకేలోగా పెరటి దారిన బండి తెచ్చిచ్చెయ్. ఏటి ఒడ్డున దొరికిందని చెప్పుకుంటా."

"మాతకి కోపమొస్తే, మావయ్యా?"

"దొంగతనమైతే వస్తుంది. ఇది ప్రచారంరా."

పండుగ పూట ఓవిదియో టైర్లలో గాలి కొట్టాడు. గొలుసుకి నూనె వేశాడు. సీటు విల్మార్ ఎత్తుకి జరిపాడు. కుర్రాడికి దారిలో ఆకలేస్తుందని సీటు కింద సంచిలో రెండు మొక్కజొన్న రొట్టెలు కూడా పెట్టాడు.

ఫాదర్ గొంతెత్తాడు. జనంలోంచి హెల్మెట్ మనిషొకడు దూసుకొచ్చి, సైకిలెక్కి, చర్చి మెట్ల మీద నుంచి దూకించాడు.

"దొంగ! మాత పండుగనాడు దొంగ!" ఓవిదియో గుండెలు బాదుకున్నాడు. బాగానే బాదుకున్నాడు. ముందురోజు అద్దం ముందు నేర్చుకున్నాడు మరి.

మొనగాళ్ళు ముగ్గురూ వెంటపడ్డారు. గిల్దార్దో సైకిల్ ముందు చక్రం రెండో మెట్టు మీదే అప్పడంలా మడతపడిపోయింది. దువాన్ మెట్లు దిగాడు గానీ, దున్నపోతు కొండెక్కలేదు. పొద్దున తిన్న పంది వేపుడంతా కాఫీ మొక్కలకి ఎరువేసి కూలబడ్డాడు. రికౌర్తే కొండ దాటాడు, బురద దాటలేదు. హ్యాండిల్ మీంచి ఎగిరి అరటి తోటలో తలకిందులుగా పడ్డాడు.

పోలీసు ఇన్‌స్పెక్టర్ జీపు తీశాడు. ఎక్కడ విల్మార్ దొరికిపోతాడోనని ఓవిదియోనే పరిగెత్తుకెళ్ళి, "వంతెన వైపు పోయాడు సార్, వంతెన!" అని ఎదురు దిక్కు చూపించాడు.

మధ్యాహ్నానికి మొనగాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ దుకాణానికొచ్చారు.

"ఆ మెట్లు ఎలా దిగాడ్రా వాడు?" అన్నాడు గిల్దార్దో.

"దిగడానికేం, రాయి కూడా దిగుతుంది. మేకలా కొండెక్కాడు, అది చెప్పు," అన్నాడు దువాన్.

రికౌర్తే చెవిలోంచి మట్టి తీసుకున్నాడు. "దొంగలో ఏం లేదు. ఉన్నదంతా ఆ బండిలోనే ఉంది."

"మొత్తుకుంటే విన్నారా, రికౌర్తేగారూ?" ఓవిదియో ముక్కు చీదాడు. "మీ నవ్వులే నా కొంప ముంచాయి."

"సరేలేవయ్యా, ఏడవకు. ముగ్గురికీ తలొకటి కట్టు. కాకపోతే ముందు ఆ బండి దొరకాలి. నేనొకసారి తొక్కి చూడాలి. అది లేకుండా ఒప్పందం లేదు."

"దొరుకుతుంది. మాత ఊరుకోదు," అన్నాడు ఓవిదియో.

వాళ్ళు వెళ్ళగానే బావమరిదికి కబురు పంపాడు, పార వాపసు ఇచ్చెయ్యమని.

పొద్దు వాలింది. ఓవిదియో పెరటి తలుపు తీసి, సారా సీసా, రెండు గ్లాసులు బల్ల మీద పెట్టాడు. కాసేపటికి విల్మార్ వంగిపోయి నడుస్తూ లోపలికొచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"రారా, నా సింహమా! ముందు గొంతు తడుపుకో. బండి పెరట్లో పెట్టావా?"

విల్మార్ గ్లాసు ముట్టుకోలేదు. తల వంచుకున్నాడు.

"తిట్టకు మావయ్యా, విరేచనాలు పట్టుకుని పొద్దున్నుంచి ఇల్లు కదల్లేకపోయాను... ఇంతకీ నా బదులు ఎవణ్ణి దింపావు? గోడ మీంచి చూశా, నాకంటే బాగా తొక్కాడు!"