మంగళవారం ల్యాబు

“గడ్డం కాస్త పైకెత్తండి,” అన్నాడు సెలూన్ యజమాని, కత్తికి కొత్త బ్లేడు తొడుగుతూ.

కుర్చీలోని యువకుడు ఉలిక్కిపడ్డాడు. “మీ చేతికి అదేంటండీ, రక్తమా?”

“రంగు. పొద్దున బోర్డు రాశాను.”

“హమ్మయ్య! నేనూ మీ ఆవిడా కాలేజీలో ల్యాబ్ పార్ట్‌నర్లమండీ.”

కత్తి గాల్లోనే ఆగింది. వీడేనా! సెమిస్టర్ పదహారు వారాలూ, షాపుకున్న ఒక్కగానొక్క సెలవు రోజైన మంగళవారాన్ని కాస్తా ల్యాబు పేరుతో మింగేసినవాడు! భోజనానికి కూర్చున్నా ఆమె నోట వీడి మాటే. పైగా వీడికి ఇంత ఒత్తైన జుట్టొకటి!

“పదిహేను రోజుల్లో కొత్త సెమిస్టర్ కదా. మళ్లీ మీరిద్దరే జంటేమో?” అంటూ నురగ మీద కత్తి ఆనించాడు.

“ఎక్కడండీ! అసలు మీ మీద నాకు పీకలదాకా కోపం. ఎంత బతిమాలినా వినకుండా ఆవిడ గురువారం బ్యాచ్‌కి మారిపోయారు. ‘మంగళవారం మా ఆయనకి సెలవు. ఈ పదహారు వారాలూ ఆయన ఒక్కడే ఇంట్లో ఎలా ఉన్నాడో నాకు తెలుసు’ అన్నారు. నిన్ననే సంతకం కూడా పెట్టేశారు.”

కత్తి మెల్లగా మెడ మీది నుంచి లేచింది.

“ఒక్క నిమిషం కూర్చోండి.”

“సగం గడ్డంతోనా?”

యజమాని అప్పటికే గుమ్మం బయట స్టూలెక్కి, ‘ఇకపై మంగళవారం కూడా తెరిచి ఉంటుంది’ అని ఉక్రోషంతో రాసిన అక్షరాలను, రంగు పూర్తిగా ఆరకముందే, భుజం మీది తువ్వాలుతో తుడిచేస్తున్నాడు.