ఎడమ బొటనవేలు

నాన్న కుడిచేత్తో పప్పన్నం కలుపుతూ, కంచం పక్కనున్న వేలిముద్ర పలక మీద ఎడమ బొటనవేలు నొక్కాడు. యంత్రం గీసిన మరో వంతెనకు ఇంజనీరుగా ఆయన పూచీ పడ్డాడు.

కత్తిపీట ముందు బెండకాయలు తరుగుతున్న కూతురు ప్రణవి అడిగింది.

"నాన్నా, ఫిజిక్స్ చదివితే జీతమెంతొస్తుంది?"

"నా దాంట్లో సగం కూడా రాదమ్మా. యంత్రం తను కనిపెట్టింది చెప్తుంది. అర్థమైందని నువ్వు తలూపాలి, అంతే."

"మరి ఇంజనీరింగ్‌కి ఎందుకెక్కువ?"

"వంతెన కూలితే జైలుకెళ్లేది మనమేగా."

"ఇప్పుడు నువ్వు నొక్కింది ఎక్కడ కడతారు?"

"ఏమో. మజ్జిగ వెయ్యమను మీ అమ్మని."

ప్రణవి ఇంకో బెండకాయ అందుకుంది.

"ఇంజనీరింగ్‌లోనే చేరతాలే," అంది.

అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టి, కత్తిపీట తన వైపు లాక్కుంది.

"ఇక నువ్వు కూరలు తరగకు. వేలు తెగితే ముద్ర పడదు."