సగటు ఆలస్యం

“మీ ఆయన కన్వేయరు బెల్టులో పడగానే పక్కవాళ్లు దాన్ని ఆపే మీట నొక్కారమ్మా. సరిగ్గా అప్పుడే ఆ సిగ్నలు వెళ్లే నెట్‌వర్కు లైను తెగింది. దానికి వేరే దారి చూపాల్సిన కంట్రోలరేమో దూరంగా ఉంది. బెల్టు ఆగేసరికి మూడు సెకన్లు ఆలస్యమైంది,” అన్నాడు నెట్‌వర్కు ఇంజనీరు.

“అదేదో ఈ ఫ్యాక్టరీలోనే పెట్టకపోయారా బాబూ?” అంది చనిపోయిన ఫిట్టరు భార్య.

“అన్ని ఆఫీసులకూ కలిపి సగటు ఆలస్యం తగ్గుతుందని హెడ్డాఫీసులో పెట్టించానమ్మా.”

“ఇక్కడ పెడితే ఆ ఆఫీసుల వాళ్లకేమయ్యేది?”

ఆ లెక్క వేసింది అతనే. పక్కనున్న మేనేజరు బల్ల కింద అతని కాలు తొక్కాడు.

“వాళ్లకు తేడా కూడా తెలిసేది కాదమ్మా,” అన్నాడు ఇంజనీరు.

ఆమె ఏడవలేదు. “ఆ మాట రాసివ్వు బాబూ,” అంది.

మేనేజరు ముందున్న కాగితం లాక్కుని, ఇంజనీరు ఆ మాటే రాసి సంతకం పెట్టాడు.