షఫీ భాయ్ బండి

"బండికి ఏం లేదు భాయ్. కొత్త బండి గట్లనే ఉంటది," అన్నాడు సర్వీస్ సెంటర్ కౌంటర్లోని కుర్రాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

షఫీఉద్దీన్‌కు ఒళ్లు మండింది. ఎప్పుడొచ్చినా ఇదే మాట. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల లారీలు నడిపి నడిపి, ఈమధ్యే సొంతంగా కొనుక్కున్న మినీ ట్రక్కు అది. కొన్ననాటి నుంచి ఎత్తు ఎక్కాలంటే మూలుగుతోంది, మధ్యలో ఆగిపోతోంది. బాగుచేస్తామని లోపల పెట్టుకున్నవాళ్లు రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతున్నారు. అవతల బట్టల సేటు, తెల్లారేసరికి బండి రాకపోతే ఇంకొకరిని చూసుకుంటానని తెగేసి చెప్పాడు.

"అసలు బానెట్ లేపి చూసిన్రా?"

"చూసిన్రు అన్నా."

"ఎవరు చూసిన్రు? నువ్వు చూసినవా?"

కుర్రాడు ఫోన్లో ఏదో చూసి నవ్వుకున్నాడు. ఆ నవ్వుతో షఫీకి ఓపిక నశించింది.

"మీతోని కాదు. తాళం ఇయ్యి. నా బండి నేనే చేస్కుంట."

కుర్రాడు గోడకున్న కొక్కేల మీంచి ఒక తాళం తీసి కౌంటర్ మీద పడేశాడు. సంతకం కూడా అడగలేదు. వెనక షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న తెల్ల బండిని షఫీ స్టార్ట్ చేసి, గేటు దాటించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేసరికి విషయం తెలిసిపోయింది. బండి ఇచ్చినప్పటికంటే అధ్వాన్నంగా ఉంది. నల్లటి పొగ కక్కుతోంది. క్లచ్ కూడా పట్టడం లేదు. వెనక బస్సు డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. బాగుచేయమని ఇస్తే ఉన్నది కూడా పాడుచేశారని తిట్టుకుంటూ, ఎలాగో ఈడ్చుకుంటూ మొఘల్‌పురా గల్లీలోకి తెచ్చి ఇంటి ముందు ఆపాడు.

భార్య సలీమా ఎదురొచ్చి బండి ఎడమవైపు తలుపు తీసింది. తీసిన మరుక్షణం చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తలుపు లోపలివైపంతా గుట్కా ఉమ్ము చారలు చారలుగా ఎండిపోయి ఉంది. సీటు కింద కోడి ఎముకలు, చీమలు పట్టిన పరోటా ముక్క. సర్వీసుకు ఇచ్చేటప్పుడు షఫీ తన సామానంతా దింపేసి, తడిగుడ్డతో అద్దంలా తుడిచి ఇచ్చాడు. ఆ బండిలో అతను ఎవరినీ బీడీ కూడా కాల్చనిచ్చేవాడు కాదు.

"మనుషులేనా వీళ్లు? వాళ్ల ఇండ్లల్ల గూడ గిట్లనే ఉమ్ముకుంటరా?" అంది సలీమా.

షఫీ సీటు కింది ఎముకలు, పరోటా ముక్క ఊడ్చి మోరీలో పారేశాడు.

పక్కింటి ఆగయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. మోకాళ్లు వంగవు కాబట్టి కుర్చీ వేయించుకుని కూర్చుని చెబుతుంటే, షఫీ పానా పట్టుకుని ఒక్కొక్కటీ విప్పసాగాడు. ఎయిర్ ఫిల్టర్ మూత తియ్యగానే బూడిదరంగు పొడి బొళబొళా రాలింది. ఆగయ్య దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది సిమెంటు బిడ్డా. సిమెంటు లోడు ఏసినవా?"

"బట్టల మూటలు తప్ప ఏం ఎయ్యలే కాకా."

ఆగయ్య వెనక ట్రాలీలోకి చూడమన్నాడు. మూలమూలల్లో సిమెంటు గడ్డకట్టి ఉంది. ఇక చెప్పడానికేముంది? రిపేరుకని ఇచ్చిన బండిని వాళ్లు కిరాయికి తిప్పుకున్నారు. అందులోనే తిన్నారు, అందులోనే ఉమ్మారు. పైగా ఏమీ లేదు భాయ్ అని నవ్వారు. షఫీ పక్కకు తిరిగి మోరీలో ఉమ్మాడు. ఇంతకంటే ఎత్తుకుపోయినా బాగుండేదనిపించింది.

"కొట్లాటకు తర్వాత పోదువు గాని, ముందు పని చెయ్యి," అన్నాడు ఆగయ్య.

షఫీ వెళ్లి కొత్త ఫిల్టర్ కొనుక్కొచ్చాడు. పైపు ఊడదీసి, సిమెంటంతా దులిపి, వదులైన క్లిప్పు బిగించాడు. బండి కింద వెల్లకిలా దూరి క్లచ్ సరిచేశాడు. మొహం మీద రాలిన మడ్డిని తుడుచుకోవడం కూడా మానేశాడు. సలీమా ఫినాయిల్ పోసి, పాత బ్రష్షుతో ఆ ఎర్రటి చారలు రుద్దింది. మధ్యలో ఒకసారి పక్కకెళ్లి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, మళ్లీ వచ్చి రుద్దింది. పని అయ్యాక సీటు మీద ఇంత అత్తరు చల్లింది.

ఎండ తగ్గాక షఫీ బండి తీసుకుని నేరుగా ఫ్లైఓవర్ దగ్గరికే పోయాడు. బండి మూలగలేదు. పొగ లేదు. నున్నగా ఎక్కి నున్నగా దిగింది. చాలా రోజుల తర్వాత షఫీ తనలో తనే నవ్వుకున్నాడు. తెల్లారితే సేటు దుకాణం ముందు బండి ఉంటుంది.

అప్పుడే ఫోను మోగింది. బండి పక్కకు ఆపాడు. సర్వీస్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నానని, తన పేరు రచన అని అవతలి అమ్మాయి అనడమే ఆలస్యం, షఫీ పొద్దుటి నుంచి మింగినదంతా కక్కేశాడు. ఉమ్ము గురించి, ఎముకల గురించి, సిమెంటు గురించి, వాళ్లు తినే తిండి గురించి, బండిని తన చేతులతో తనే బాగుచేసుకున్న సంగతి గురించి. ఆ అమ్మాయి అడ్డు రాలేదు. అతనికి ఊపిరి చాలక ఆగినప్పుడు మెల్లగా అంది.

"సార్, మీ బండి పొద్దుగాలనే మంచిగ చేసి, కడిగి, గేటు ముందర పెట్టినం, రెండూ తెల్లయే, రెండిటికీ ఇంక నంబర్ ప్లేట్లు రాలే గదా, మీరు తీసుకపోయిన బండి ఓనరు పోలీసులను ఎంబడి పెట్టుకొని ఈడ కూసున్నడు."